సర్పంచి ఏ విభక్తి?

సర్పంచి అనే మాట తెలుగు మాట కాదు. పారశీకం నుండి వచ్చిన ‘సర్’ అంటే శిరస్సు. ‘పంచ్’ అంటే అయిదుగురు. అయిదుగురు కూర్చుండి తీర్పు చెప్పే చోట శిరఃస్థానంలో ఉండే వ్యక్తి అని తాత్పర్యం. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినదానను గనుక నాకు ఈ మాటలో ఒక సుగుణం కనిపిస్తుంది. ‘అధ్యక్షుడు’ స్త్రీ అయితే ‘అధ్యక్షురాలు’ కావాలి, ‘సభ్యుడు’ ‘సభ్యురాలు’ కావాలి. సర్పంచికి ఆ మార్పు అక్కరలేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా సర్పంచే. పదం ఏనాడో సమానత్వాన్ని అంగీకరించింది. దానిని వాడేవారే ఇంకా అంగీకరించవలసి ఉన్నది.

మా గోదావరి మండలంలో సర్పంచి అనడం తక్కువ, ‘ప్రెసిడెంటు గారు’ అనడం ఎక్కువ. పురుషుడు ఆ పదవిలో ఉంటే ఆయన భార్య ‘ప్రెసిడెంటు గారి భార్య’. ఇందులో వింత లేదు. కాని స్త్రీ ఆ పదవికి ఎన్నికైతే ఆమె భర్త ‘ప్రెసిడెంటు గారి భర్త’ కావడం లేదు, మరునాటి నుండే ఆయనే ‘ప్రెసిడెంటు గారు’ అవుతున్నారు. ఎన్నికైన ఇల్లాలు మాత్రం మళ్ళీ ‘ప్రెసిడెంటు గారి భార్య’గానే మిగిలిపోతున్నది. ఓటు వేసినవారే ఈ మార్పిడి చేస్తారు. దీనికి ఏ జీవోలూ అక్కరలేదు.

ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేసి గుండుగొలనులో స్థిరపడ్డాను. మా ఊరి పేరులోనే కొలను ఉన్నది. సమాసంలో కకారం గకారమై గొలను అయింది. ఉత్తరాన జాతీయ రహదారి, దక్షిణంగా దిగుతూ పోతే కొల్లేటి లంకలు. వరిచేలు, చేపల చెరువులు, ఏలూరు కాలువ. ఎటు చూసినా నీరే. అయినా ఈ ప్రాంతపు ఆడవారికి తరతరాల బెంగ త్రాగునీరే. చేపల చెరువుల మురుగు, ఉప్పుటేటి మీదుగా ఎగదన్నే ఉప్పదనం కలిసి కొల్లేటి పల్లెలలో నోట పోసుకోదగిన నీటిని అపురూపం చేశాయి. వేసవిలో కాలువ కట్టివేసేలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. నింపుకోని ఊరికి ఆ వేసవి ఎట్లా గడుస్తుందో బిందె మోసేవారికే తెలుసు. పంచాయతీ అంటే నాకు ముందు గుర్తుకు వచ్చేది ఆ చెరువే. అందుకే స్త్రీల నాయకత్వం గురించిన మాట ఇక్కడ నీటి మాట కూడా.

బడిపిల్లలకు విభక్తులు చెప్పేటప్పుడు డు-ము-వు-లు ప్రథమ అనీ, చేత-చే-తోడ-తో తృతీయ అనీ వల్లె వేయిస్తాము. స్థానిక పరిపాలనలో స్త్రీల చరిత్రను చూస్తే ఆ విభక్తుల పట్టికే గుర్తుకు వస్తుంది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం పంచాయతీ సమితులలో ఇద్దరు స్త్రీలను చేర్చుకొమ్మన్నది. 1959లో మన రాష్ట్రంలో సమితులు ఏర్పడినప్పుడు ఆ ప్రకారమే కో ఆప్షన్ మీద స్త్రీలు సభ్యులయ్యారు. చేర్చుకోబడ్డారు అనడం సరి. స్త్రీల ‘గురించి’ ఆలోచించారు, అది ద్వితీయ. స్త్రీల ‘కొరకు’ పథకాలు వచ్చాయి, అది చతుర్థి. 1986లో మండల వ్యవస్థ తెచ్చినప్పుడు మండల, జిల్లా పరిషత్తుల అధ్యక్ష పదవులలో 9 శాతం స్త్రీలకు కేటాయించారు. దేశంలో అది అప్పటికి పెద్ద మాటే.

అసలు మలుపు 73వ రాజ్యాంగ సవరణ. 1992లో ఆమోదం పొంది 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చింది. సభ్యత్వాలలోను, అధ్యక్ష స్థానాలలోను మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా స్త్రీలకు ఉండాలని శాసించింది. మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకొని 1995లో ఎన్నికలు జరిపింది. 2011లో చట్టాన్ని సవరించి స్త్రీల వాటాను సగానికి పెంచారు. 2013 జూలై ఎన్నికలలో అది ఆచరణకు వచ్చింది. ఈ లెక్కన స్త్రీ ప్రథమా విభక్తికి వచ్చినట్టే. వాక్యంలో కర్త స్థానం ఇచ్చారు. కాని వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి: ‘సర్పంచి సంతకం పెట్టింది’ అనవలసిన చోట ‘సర్పంచి చేత సంతకం పెట్టించారు’ అని వినబడుతున్నది. ఆ ‘ఇంచుక్’ ప్రత్యయం చేరడంతో కర్త మారిపోయింది. పెట్టించినవారు కర్త, ఆమె కేవలం ‘చేత’.

ఆ ‘చేత’ నుండి ప్రథమకు ఆమెను తీసుకురావడమే నాయకత్వ శిక్షణ అని నేను అనుకుంటాను. కుర్చీని రాజ్యాంగం ఇవ్వగలదు. కుర్చీలో కూర్చుని కాగితం చదివి, అర్థం కాకపోతే అడిగి, సమ్మతం కాకపోతే కాదనే అలవాటును రాజ్యాంగం ఇవ్వలేదు. దానిని ఎవరో నేర్పాలి, ఎవరో నేర్చుకోనివ్వాలి.

చదువు చేసే పనికి మన రాష్ట్రంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. 1991 జనాభా లెక్కలలో ఉమ్మడి రాష్ట్రపు స్త్రీల అక్షరాస్యత 33 శాతానికి లోపే. ఆ రోజులలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాలో నడిచింది. రాత్రిబడికి వచ్చిన కూలి స్త్రీలు వాచకంలో సారా వల్ల చితికిన ఒక సంసారపు కథను చదివారు. చదివి ఊరుకోలేదు. ఆ కథ మన ఊరిదే కదా అన్నారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎత్తివేయించారు. రోసమ్మ గారి పేరు ఊరూరా మారుమ్రోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ మద్య నిషేధం తరువాత నిలువలేదన్నది వేరే కథ. ఏ ప్రత్యేకాసనమూ లేని స్త్రీలు ఒక పాఠం చదివి ప్రభుత్వాన్ని కదిలించారన్నది మాత్రం చెరిగిపోయేది కాదు. నేను చెప్పిన పాఠాలలో అంత బలమున్నది ఒక్కటైనా ఉందో లేదో గాని, అక్షరం మీద నాకున్న నమ్మకానికి దూబగుంటే ఆధారం.

అటువంటిదే చిన్న విషయం ఒకటి నా ఎరుకలో జరిగింది. మా ప్రాంతంలోని ఒక పల్లె. ఏడవ తరగతితో చదువు మాన్పించి పెళ్ళి చేసిన నా శిష్యురాలు 2013లో సర్పంచి అయింది. స్థానం స్త్రీలకు కేటాయించారు గనుక ఇంటివారు ఆమె పేరు వేశారు. కొన్నాళ్ళకు ఒక సాయంకాలం తీర్మానాల పుస్తకపు నకలు కాగితాలు పట్టుకొని వచ్చింది.

“టీచరు గారూ, ఇందులో ‘తీర్మానించడమైనది’ అని ఉందండీ. ఎవరు తీర్మానించినట్టండీ?”

నాకు నవ్వు, సంతోషం రెండూ వచ్చాయి. ఎన్ని ఏండ్లు కర్తరి, కర్మణి ప్రయోగాలు చెప్పినా ఇంత మంచి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు. కార్యాలయాల తెలుగులో కర్త కనబడడు. ‘చేయడమైనది’, ‘నిర్ణయించబడినది’, ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’. పని జరుగుతుంది, చేసినవారు ఉండరు.

“నువ్వే తల్లీ తీర్మానించింది. నువ్వూ, వార్డు సభ్యులూ. అందుకే క్రింద నీ సంతకం అడుగుతున్నారు” అన్నాను.

“అయితే నేను తీర్మానించింది ఏమిటో నాకు తెలియాలి కదండీ” అన్నది.

ఆనాటి నుండి కొన్ని నెలలు వారానికి రెండు పూటలు వచ్చేది. నేను కొత్తగా నేర్పినది ఏమీ లేదు. పొడుగు వాక్యాన్ని విరిచి చదవడం, క్రియ ఎక్కడున్నదో పట్టుకోవడం, ‘మరియు’, ‘లేదా’ల తేడా చూడడం, అంకెలు ఉన్న చోట వ్రేలు పెట్టి ఆగడం. ఒకనాడు చేపల పాటకు సంబంధించిన ముసాయిదా తెచ్చింది. పంచాయతీకి చెందిన ‘చెరువులలో’ చేపలు పెంచుకొనే హక్కును మూడేండ్లకు వేలం వేయడానికి తీర్మానించినట్లు అందులో ఉన్నది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“మా ఊళ్ళో చేపలు పాడేది ఊరచెరువు ఒక్కటేనండీ. రెండోది మంచినీళ్ళ చెరువు. ఇక్కడ ‘చెరువులలో’ అని ఎందుకుందండీ?”

ఒక్క ‘లు’. ప్రథమా విభక్తి బహువచన ప్రత్యయమని మేము పిల్లలకు వల్లె వేయించేది అదే. అది పొరపాటున పడిందో, కావాలని పడిందో నేను చెప్పలేను. పడినదైతే నిజం. అది ఉన్నంతవరకు ఊరంతా త్రాగే నీటిలో మేత, ఎరువు కలిపి చేపలు పెంచుకొనే వీలు పాటదారుకు ఉన్నది. సమావేశంలో ఆమె లేచి, ‘లు’ తీసివేసి ‘ఊరచెరువులో మాత్రమే’ అని వ్రాస్తేనే సంతకం పెడతానన్నదట. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదట. ఒక పెద్దాయన, ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపా అన్నారట. “నీళ్ళు మోసేది మేమండీ, మాకు చిన్న విషయం కాదు” అన్నదట. తీర్మానం మారింది. ఆ రోజున ఆమె ప్రథమా విభక్తిలోకి వచ్చింది.

ఇది ఒక్క పల్లె ముచ్చట కాదని పరిశోధకులూ చెబుతున్నారు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 గ్రామ పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ఒక పత్రం ప్రకటించారు. స్త్రీలు ముఖ్యంగా మొరపెట్టుకొనేది త్రాగునీటి గురించి అనీ, స్త్రీలకు కేటాయించిన పంచాయతీలలో దానిపై పెట్టుబడి ఎక్కువగా ఉన్నదనీ అందులో తేల్చారు. డఫ్లో గారికి తరువాత 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఉపాధ్యాయురాలిగా నన్ను మరింత కదిలించినది 2012లో వెలువడిన ఇంకొక పరిశీలన. పశ్చిమ బెంగాల్‌లోని 495 గ్రామాలలో చూడగా, వరుసగా రెండు దఫాలు స్త్రీ నాయకత్వం ఉన్న చోట్ల, పిల్లల భవిష్యత్తు మీద ఆశలలో ఆడపిల్లలకు మగపిల్లలకు ఉండే అంతరం బాగా తగ్గింది. చదువులో ఉన్న అంతరం చెరిగిపోయింది. ఏ ఉపన్యాసమూ చేయలేని పనిని కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ రూపం చేసింది. తరగతిలో ‘పెద్దయ్యాక ఏమవుతావు’ అని అడిగితే ఆడపిల్లలు తల వంచుకొనే రోజులను నేను చూశాను. వారికి కావలసినది నా హితబోధ కంటె ముందు, ఎదురుగా కనబడే ఒక మనిషి.

భర్త సాయం చేస్తే తప్పేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పురుష సర్పంచులు మాత్రం ఎవరి సలహా లేకుండా నడుస్తున్నారా? అన్నలు, మామలు, నాయకులు వెనుక ఉండనే ఉన్నారు. సాయం తప్పు కాదు. సాయానికి, స్థానాపహరణకు గీత ఎక్కడ అన్నదే ప్రశ్న. సైకిలు నేర్చుకొనేవాని వెనుక సీటు పట్టుకొని పరుగెత్తేవాడు సాయం చేస్తున్నాడు. తానే ఎక్కి త్రొక్కుతూ, నేర్చుకొనేవానిని వెనుక కూర్చోబెట్టుకొన్నవాడు సాయం చేయడం లేదు. నా శిష్యురాలి భర్త మొదట రెండవ రకమే. చెరువు తీర్మానం తరువాత మెల్లగా మొదటి రకంలోకి మారాడు. సమావేశానికి దింపి బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవాడట. దానిని కూడా నేను నాయకత్వ శిక్షణలో భాగంగానే లెక్కిస్తాను. నేర్చుకోవలసినవారు స్త్రీలు మాత్రమే కారు.

ఇప్పుడు సంతకం రూపం మారింది. పంచాయతీ చెల్లింపులు కంప్యూటరు మీద, డిజిటల్ సంతకంతో జరుగుతున్నాయి. కాగితం మీద సంతకానికైనా మనిషి ఎదురుగా ఉండాలి. వేలెడంత ‘కీ’లో ఇమిడిపోయిన సంతకానికి ఆ అవసరమూ లేదు. ఆ కీ సర్పంచి బీరువాలో ఉన్నదా, మరొకరి జేబులో ఉన్నదా అన్నదే నేటి ప్రశ్న. ఈ ‘సర్పంచి భర్త’ పద్ధతిని పరిశీలించడానికి 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక సలహా సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 2025లో ఇచ్చిన నివేదికలో కఠినమైన జరిమానాలు కూడా సూచించింది. అదే సంవత్సరం మార్చిలో మహిళా ప్రజాప్రతినిధుల శిక్షణకు దేశవ్యాప్త కార్యక్రమం కూడా మొదలయింది. దండన కంటె శిక్షణ మీదనే నాకు నమ్మకం ఎక్కువ. దండనకు భయపడినవాడు చాటుకు పోతాడు. చదవడం నేర్చినది మళ్ళీ చదవకుండా ఉండలేదు.

చట్టమే అడ్డుపడిన సందర్భమూ ఉన్నది. 1994 చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు. 1995 మే 30 తరువాత మూడవ బిడ్డ పుట్టినవారు పోటీకి అనర్హులు. పైకి స్త్రీపురుషులకు సమానమే. కాని ఎందరిని కనాలన్న నిర్ణయం తన చేతిలో లేని ఇల్లాలికి అది సమానమా? మగబిడ్డ కోసం అత్తింటివారు పట్టుబట్టి కనిపించిన మూడవ కాన్పు, ఆమెకే అనర్హత అయింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను ఎత్తివేసింది. జనాభా తగ్గుతున్నదన్న చింతతో ఎత్తివేశారు గాని స్త్రీల గోడు విని కాదు. ఏ కారణాన తొలగినా తొలగిన ముల్లు ముల్లే.

ఇక అన్నింటికంటె నన్ను బాధించే విషయం. నా శిష్యురాలి పదవీకాలం 2018లో ముగిసింది. ఎన్నికలు జరగక 2021 వరకు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చేసరికి వంతుల పద్ధతిలో ఆ పల్లె స్థానం జనరల్ అయింది. ఆమెను నిలబడమని ఒక్కరూ అడగలేదు. తాను నిలబడతానంటే, “ఇప్పుడు ఆడవాళ్ళది కాదుగా అమ్మా” అన్నారట.

జనరల్ అంటే పురుషులది అని ఏ చట్టంలోనూ లేదు. అందరిదీ అని. కాని మన పల్లెలు ఆ మాటను పుంలింగంగా చదువుతున్నాయి. వ్యాకరణం తెలియక చేసే దోషం కాదు ఇది; తెలిసి చేసేది. అయిదేండ్లలో మొదటి రెండేండ్లు కాగితం చదవడం నేర్చుకోవడానికే పోతాయి. తక్కిన మూడేండ్లలో పని చేస్తుంది. ఆపైన ఇంటికి పంపివేసి, మరొక స్థానంలో మరొక స్త్రీని ఓనమాల దగ్గర కూర్చోబెడతాము. పైన చెప్పిన పరిశీలనల్లోనూ ‘రెండు దఫాలు’ అన్న మాట ఊరకే రాలేదు.

“నేర్చుకున్నదంతా ఇప్పుడు ఎక్కడ పెట్టుకోనండీ?” అని ఆమె నన్ను అడిగింది. దానికి సమాధానం నా దగ్గర లేదు. ఊరి దగ్గర ఉండాలి. తాత్కాలికంగా దొరికిన చోటు పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య. అక్కడ లెక్కల పుస్తకం చూస్తున్నది; కొత్తగా సర్పంచి అయిన స్త్రీ ఎవరైనా వస్తే తీర్మానం చదవడం తానే నేర్పుతున్నది. ఆలోచించి చూస్తే ఈ సంఘాలే మన స్త్రీలకు నిజమైన నాయకత్వ పాఠశాలలు. వంతులవారీగా అధ్యక్షత వహించడం, నలుగురిలో నోరు విప్పడం, పైసాతో సహా లెక్క చెప్పడం, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడడం అక్కడే అలవడుతాయి. ఎన్నికైన తరువాత సామర్లకోటలోనో మరొక చోటనో శిక్షణ మంచిదే. కాని మూడు రోజుల శిక్షణ మూడేండ్ల అలవాటుకు సాటి రాదు. పోటీ చేసేవారిని ఇంటి పేరు చూసి కాక, ఆ పుస్తకాలు వ్రాసిన చేతులను చూసి ఎన్నుకుంటే సగం శిక్షణ ముందే అయిపోతుంది.

విభక్తులన్నీ చెప్పి ఒకటి మరిచినట్టున్నాను. సంబోధన ప్రథమ. అంటే పిలుపు. ఇంతవరకు చెప్పిన వాటిలో ప్రభుత్వం చేయవలసినవి ఉన్నాయి, చట్టం చేయవలసినవి ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం మనమే చేయాలి. దీనికి ఖర్చు లేదు. మీ ఊరిలో స్త్రీ సర్పంచి ఉంటే, వీధిలో ఎదురైనప్పుడు ఆమెనే ‘ప్రెసిడెంటు గారూ’ అని పిలవండి. కుళాయి గురించి చెప్పవలసి వస్తే ఆమెకే చెప్పండి. పక్కన ఉన్నవారు సమాధానం చెప్పబోతే, ఆమె చెప్పేదాకా ఆగండి.

స్వస్తి.